పళ్ళ మేస్త్రి క్రిస్మస్ ప్రార్థన

పన్నుకు బహువచనం పళ్ళు. పండుకు బహువచనమూ పళ్ళే. మన భాష చేసుకున్న ఈ చిన్న పొదుపువల్ల పళ్ళ మేస్త్రికి జీవితమంతా చిక్కులే. ఆయన దుకాణం ముందు 'ఇచ్చట పళ్ళు అందముగా అమర్చబడును' అన్న బోర్డు చూసి, ఆసుపత్రిలో ఉన్న బంధువులకు బుట్ట పట్టుకుపోదామని మెట్లెక్కి వచ్చినవారు ఎందరో ఉన్నారు. లోపలికి వచ్చాక వారికి అరలనిండా బారులు తీరిన తెల్లని ప్లాస్టర్ దవడలు దర్శనమిచ్చేవి.

బోర్డు మార్చమని భార్య చెప్పి చెప్పి విసిగిపోయింది.

"వచ్చినవాణ్ణి రానీవే. ఎప్పుడో ఒకప్పుడు వాడికీ ఊడతాయి," అనేవాడు పళ్ళ మేస్త్రి.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. వేడినీళ్ళలో మెత్తబరచిన మైనం నోట్లో పెట్టి కరిపించడం, ఆ అచ్చులో ప్లాస్టర్ పోయడం, కిటికీ వెలుతురులో పంటి రంగు పోల్చి చూడడం, గులాబిరంగు మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చి వరుస తీర్చడం, ఇవన్నీ ఆయన ధ్యానంలో ఉన్నట్లు చేసేవాడు. వరుస నోట్లో కుదిరిందో లేదో చూడడానికి 'సరసము', 'సంతసము' అనిపించేవాడు. సకారం ఈలగా వినబడితే మళ్ళీ విప్పి మొదటినుంచి కట్టేవాడు. అక్షరశుద్ధి విషయంలో అంత పట్టుదల బడిపంతుళ్ళలో కూడా అరుదు.

అయితే ఈ వృత్తి ఆయనకొక దురభ్యాసాన్ని అంటగట్టింది. నోటినిండా మైనమున్న మనిషిని మించిన శ్రోత లోకంలో ఉండడు. మైనం గట్టిపడేలోపు ఆ మనిషి కొడుకు చదువు గురించి, కోడలి ఖర్చు గురించి, ఇంటి గోడకు వేసిన రంగు గురించి పళ్ళ మేస్త్రి తన అభిప్రాయాలు సావకాశంగా చెప్పేవాడు. ఎదుటివాడు "ఊఁ" అనేవాడు. అది అంగీకారమని ఆయన నమ్మకం. అలా వారమంతా నోళ్ళు తెరిపించి మాట్లాడిన పెద్దమనిషి, ఆదివారం చర్చిలో కళ్ళు మూయించి మాట్లాడేవాడు.

సంఘంలో ప్రార్థన చేయమంటే ముందుగా లేచేది ఆయనే. గొంతు గంటలాంటిది, భాష మాత్రం కలగూరగంప. గ్రాంథికంలో మొదలై, మధ్యలో వాడుకలోకి జారి, జారిన సంగతి గుర్తొచ్చి మళ్ళీ 'యున్నది', 'గనుక'లమీదికి ఎగబాకేది. ఆ ప్రార్థనకు ఇరుసువంటి మాట ఒకటి ఉంది: 'నీవెరుగుదువు.'

"ప్రభువా, నీవెరుగుదువు. ఈ దినమున మాచేత పాటలు పాడించుచున్న నీ సేవకుడు శుక్రవారపు అభ్యాసమునకు రాలేదని నీవెరుగుదువు. ఎందుకు రాలేదో అదియు నీవెరుగుదువు. తన బావమరిది కొనిన క్రొత్త కారు చూచుటకు పోయెను గదా!"

ప్రభువు ఎరిగినదాన్ని ప్రభువుకే చెప్పడమెందుకని అడిగేవారు లేరు. వ్యాకరణం తెలిసినవారికి ఇందులోని కిటుకు ఇట్టే అందుతుంది. ప్రార్థనలో దేవుడు మధ్యమపురుష. తిట్టు తినవలసినవాడు, పక్క కుర్చీలోనే కూర్చున్నా సరే, ప్రథమపురుష అయిపోతాడు. ప్రథమపురుషకు జవాబు చెప్పే హక్కు లేదు. పైగా కళ్ళు మూసుకొని ఉండాలి. ఇంత భద్రమైన కోట రాజులకైనా దొరకదు.

పాస్టరుగారు అడ్డు చెప్పలేదా అంటే, ఆయన పై పలువరుస పళ్ళ మేస్త్రి చేతిదే. ప్రసంగం మధ్యలో అది వదులైతే ఏమవుతుందో ఆయన ఒకసారి అనుభవించి ఉన్నారు. అందుచేత పాస్టరుగారు దగ్గడంతో సరిపెట్టేవారు.

ఈ ప్రార్థనలవల్ల నొచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నా, తెగించి లేచి వెళ్ళిపోయింది ఒక్కతే. ఆమె పళ్ళ మేస్త్రికి స్వయానా చెల్లెలు.

తండ్రి పోయేనాటికి ఆ పిల్ల పలక పట్టే ఈడుది. అన్నే పెంచాడు, చదివించాడు. పెరిగి పెద్దదై ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరైంది. పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద ఉన్న రెండో బ్రేకుతో ఎంతటివాణ్ణయినా నడివీధిలో నిలబెట్టగల మనిషి. ఆమెకు పళ్ళ మేస్త్రి ఒక సంబంధం కుదిర్చాడు. వరుడు సంఘంలోనే బల్బుల దుకాణం ఆయన. పై వరుసలో ముందు పళ్ళు మేస్త్రి కట్టినవే. మాట ఇచ్చిపుచ్చుకున్నాక, ఆయనతో నాలుగుసార్లు మాట్లాడి చూసి, చెల్లెలు వద్దంది.

"ఎందుకే? ఆ నవ్వు చూడు, ఎంత బాగుంటుందో!" అన్నాడు అన్న.

"ఆ నవ్వు నువ్వు చేసిందే అన్నయ్యా. మాటలు మాత్రం ఆయన సొంతం. నవ్వు చూసి పెళ్ళాడి, మాటలు వింటూ బతకలేను."

దానికి పళ్ళ మేస్త్రి ఆ రోజు ఏమీ అనలేదు. ఆ ఏటి క్రిస్మస్ భోజనం బల్లముందు, అందరూ కళ్ళు మూసుకున్నాక అన్నాడు: "ప్రభువా, నీవెరుగుదువు, ఈ ఇంటిలో ఒక కఠిన హృదయమున్నది. దానిని మెత్తపరచుము. వయస్సు మీరుచున్నదని దానికి తెలియజేయుము." అక్కడినుంచి ప్రార్థన చాలా దూరం పోయింది. చివరకు "ఆమేన్" అని అందరూ కళ్ళు తెరిచేసరికి చెల్లెలి కుర్చీ ఖాళీగా ఉంది. వీధిలో స్కూటరు చప్పుడు వినబడింది.

ఆ తరువాత ఏడాదిపాటు ఆమె అన్న గుమ్మం తొక్కలేదు, ఆ చర్చికీ రాలేదు. ఎవరైనా అడిగితే పళ్ళ మేస్త్రి వాదం సిద్ధంగా ఉండేది: "నేను దాన్ని ఒక్క మాట అనలేదండీ. నా దేవుడితో నేను మాట్లాడుకున్నాను. మధ్యలో అది విన్నదంటే తప్పెవరిది?" వాదం పటిష్ఠంగానే ఉంది. కాని దారిలో ఎర్రగా 'ఎల్' అక్షరం రాసిన డ్రైవింగ్ స్కూలు కారు కనబడినప్పుడల్లా ఆయన స్కూటరు తనంతట తానే నెమ్మదించేది. పక్క సీట్లో ఎవరున్నారో చూసి, చూడనట్టు ముందుకు సాగిపోయేవాడు.

క్రిస్మస్ దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం ఆయన మైనంలో పళ్ళు గుచ్చుతుండగా భార్య దుకాణంలోకి వచ్చింది.

"ఏమండీ, మీ చెల్లెలు పండక్కి వస్తానంది. చర్చికీ, భోజనానికీ."

ఆయన చేతిలోని మైనపు కత్తి ఆగింది. "ఎవరు పిలిచారు?"

"నేనే. మీలాగా దేవుడిచేత కబురంపలేదు. ఫోన్ చేశాను."

"పోనీలే, దానికి బుద్ధి వచ్చిందన్నమాట."

"దానికి ఎప్పుడూ ఉంది. ఇప్పుడు రావలసింది తమరికి," అంటూ ఆమె ప్లాస్టర్ దవడలు పక్కకు నెట్టి బల్లమీద చెయ్యి ఆనించింది. "వినండి. ప్రార్థన అన్నానికి, కూరకి, కేకుకి. అంతే. పేర్లు వద్దు, వేలెత్తి చూపడం వద్దు. 'నీవెరుగుదువు' అసలే వద్దు. ఈసారి అది లేచి వెళ్ళిందో, దాని వెనకే నేనూ వెళ్తాను. మా అమ్మ మీ దగ్గరే ఉంటుంది."

ఈ చివరి వాక్యం పళ్ళ మేస్త్రిని నిజంగా భయపెట్టింది. అత్తగారికి రెండు వరుసలూ ఆయనే కట్టాడు. కట్టిన నాటినుంచి వాటిని ఆవిడ తిండికంటే మాటలకే ఎక్కువ వాడుతోంది.

"సరే," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. చెల్లెలు మళ్ళీ తన బల్లముందు కూర్చోవాలన్న కోరిక ఆయనకు భార్యకన్నా ఎక్కువే ఉంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, ప్రార్థనలో కూడా.

పండుగనాడు చర్చి కొత్తబట్టల గంజివాసనతో నిండిపోయింది. ఏడాదికొకసారి వచ్చేవారు ముందు వరుసలు ఆక్రమించగా, వారం వారం వచ్చేవారు గోడలకానుకొని నిలబడ్డారు. పిల్లలు గొర్రెలకాపరుల వేషాల్లో ఒకరినొకరు కర్రలతో పొడుచుకుంటున్నారు. గొర్రెవేషం వేసిన పిల్లవాడు ఉక్కపోతకు తట్టుకోలేక ముఖం తీసి చంకలో పెట్టుకున్నాడు. చివరి వరుసలో, స్తంభం పక్కన, నీలిరంగు బట్టల్లో చెల్లెలు వచ్చి కూర్చోవడం పళ్ళ మేస్త్రి చూశాడు. ఆయన గుండె నిండిపోయింది. నిండిన గుండె ఆయన విషయంలో ఎప్పుడూ ప్రమాదకరమే.

పాటలయ్యాయి, ప్రసంగమయింది. పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థనకు పళ్ళ మేస్త్రిని పిలుస్తూ, "క్లుప్తంగా," అని మైకులోనే అన్నారు. గోడకానుకొని నిలబడ్డ భార్య కళ్ళు మూసుకోకుండా ఆయనవంకే చూస్తోంది.

ఆయన క్లుప్తంగానే మొదలుపెట్టాడు. పంటలకు, వానలకు, కొత్త మైకుకు వందనాలు చెల్లించాడు. పాటల మాస్టారిని ఏమీ అనలేదు. ఆలస్యంగా వచ్చినవారినీ వదిలేశాడు. సంఘమంతా నివ్వెరపోయి వింటోంది. తన నిగ్రహానికి తానే ముచ్చటపడిపోయి ఆయన ఇలా ముగించబోయాడు:

"ప్రభువా, ఒక సంవత్సరమంతయు దూరముగా ఉండి నేడు తిరిగి వచ్చిన ఒక ఆత్మ కొరకు నీకు స్తోత్రము. ఆమె పేరు నేను చెప్పను. చెప్పకూడదని నా భార్య నాకు ఆజ్ఞాపించియున్నది. ఆమె చివరి వరుసలో, స్తంభము ప్రక్కన, నీలిరంగు వస్త్రములు ధరించి యున్నదనియు చెప్పను. ఆమేన్."

'ఆమేన్' అనవలసిన సంఘం ఆ మాట మింగేసి, ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. అలంకారశాస్త్రంలో దీనికొక పేరు ఉండే ఉంటుంది: చెప్పనంటూ చెప్పడం. పళ్ళ మేస్త్రికి శాస్త్రం తెలియదు. విద్య మాత్రం పుట్టుకతో అబ్బింది.

భార్య తిన్నగా గేటు దగ్గరకు పరుగెత్తి, హెల్మెట్ పెట్టుకుంటున్న ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"వదినా, చూశావుగా!" అంది చెల్లెలు.

"చూశాను. చచ్చిపోదామనిపించింది. అయినా రా. కూర నేను వండాను, ఆయన కాదు."

"కూర చల్లారేదాకా నా హృదయం మెత్తబడాలని వేడుకుంటాడు."

"వస్తావా, రావా?"

చెల్లెలు కాసేపు హెల్మెట్ పట్టీతో కుస్తీపట్టి, చివరకు, "వస్తాను. ఇదే ఆఖరు. మళ్ళీ నా గురించి ఆయనతో ఈయన ఏమైనా అన్నాడో, జన్మలో మీ గడప తొక్కను," అంది. 'ఆయన' అన్నప్పుడు ఆకాశంవైపూ, 'ఈయన' అన్నప్పుడు స్కూటరుతో తంటాలు పడుతున్న అన్నవైపూ చూసింది.

ఆ మాటలు పళ్ళ మేస్త్రికి వినబడ్డాయి. "పేరు చెప్పలేదు కదా!" అని ఆయన స్కూటరుకు మొరపెట్టుకున్నాడు.

ఇంట్లో ముందుగదిలో కాగితపు నక్షత్రం వేలాడుతోంది. పశువులతొట్టి బొమ్మలో బాలుడికి పడక చేయడానికి దూది చాలక, పళ్ళ మేస్త్రి దుకాణంలోని దూదిచుట్ట తెచ్చి వాడారు. అందుచేత ఆ పావనస్థలమంతా కొద్దిగా లవంగనూనె వాసన వేస్తోంది. బల్లమీద అన్నం, కోడికూర, వేయించిన బంగాళాదుంపలు, మధ్యలో మూతవేసిన కేకు. అత్తగారు అప్పటికే కుర్చీలో స్థిరపడి, "చర్చిలో అల్లుడుగారు చాలా బాగా చెప్పలేదట!" అని స్వాగతం పలికింది.

నలుగురూ కూర్చున్నారు. చెల్లెలు స్కూటరు తాళం పళ్ళెం పక్కనే పెట్టుకుంది. అది పళ్ళ మేస్త్రి చూశాడు. ఆయన చూడాలనే ఆమె పెట్టింది.

"ప్రార్థన," అంది భార్య. ఆ ఒక్క మాటలో ఒక చట్టంలోని సెక్షన్లన్నీ ఉన్నాయి.

అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన మొదలుపెట్టాడు. అన్నానికి స్తోత్రమన్నాడు. కూరకు స్తోత్రమన్నాడు. వండిన చేతులను ఆశీర్వదించమన్నాడు. కేకు పేరెత్తాడు. ఇక మిగిలింది ఒక్క 'ఆమేన్'. భార్య ఊపిరి వదలబోయింది.

"మరియు," అన్నాడు పళ్ళ మేస్త్రి.

నిజానికి తెలుగు వాక్యానికి ఆ 'మరియు' అవసరమే లేదు. అది లేకుండానే మన పెద్దలు వేల యేళ్ళు మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు. అవసరంలేని మాట నోటికి వచ్చిందంటే దాని వెనక అవసరంలేని వాక్యమొకటి కాచుకొని ఉన్నదని అర్థం.

"మరియు ప్రభువా, నీవెరుగుదువు..."

కుర్చీ జరిగిన చప్పుడయింది. తాళం గలగలలాడింది. పళ్ళ మేస్త్రి మాట అక్కడే ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే ఖాళీ కుర్చీ కనబడుతుందన్న భయంతో ఆయన వాటిని ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

కాని జరిగిన కుర్చీ వెనక్కి కాదు, ముందుకు జరిగింది. బల్లకు ఇంకా దగ్గరగా.

"ప్రభువా," అంది చెల్లెలు. "నీకు తెలుసు, నాకు తెలుసు. మా అన్నయ్యకొక్కడికే తెలియదు. అందుకని కాస్త గట్టిగా చెబుతున్నా, ఏమనుకోకు."

పళ్ళ మేస్త్రి ఒక కన్ను తెరిచాడు.

"కళ్ళు మూసుకోండి అల్లుడుగారూ, ప్రార్థన జరుగుతోంది," అంది అత్తగారు, తాను రెండు కళ్ళూ విప్పార్చుకొని.

ఆయన మూసుకున్నాడు. తన కోట తలుపు తనమీదే మూతపడడం ఆయనకు ఇదే మొదలు.

"నా చిన్నప్పుడు ఈయన నాకు సైకిల్ నేర్పాడు. గోడకు గుద్దేశాను. నాతో ఏమీ అనలేదు. భోజనం ముందు నీతో అన్నాడు, 'ప్రభువా, ఈ పిల్లకు చూపు దయచేయుము' అని. నువ్వేం చేస్తావు? నాకు కావలసింది కళ్ళజోడు! బళ్ళో టీచరు పట్టుకునేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. నన్ను అడిగితే చెప్పేదాన్నిగా, గోడ కనపడలేదని?"

భార్యకు నవ్వొచ్చింది. ప్రార్థనలో నవ్వకూడదు గనుక దగ్గింది.

"మార్కులు తగ్గితే నీతో చెప్పాడు. జుట్టు కత్తిరించుకుంటే నీతో చెప్పాడు. పెళ్ళి వద్దంటే నీతోనే చెప్పాడు. నీ ముందు నేను ఎప్పుడూ 'ఈమె'నే. ఇంట్లో ఉన్న మనిషిని ప్రభువా, పక్క కుర్చీలో ఉన్నదాన్ని! ఈ ఏడాదంతా నా కారు కనపడితే చాలు, స్కూటరు నెమ్మది చేసి చూసేవాడు. కారుకు అద్దాలుంటాయనీ, వాటిల్లో వెనకవాళ్ళ మొహాలు కనపడతాయనీ ఈయనకు తెలియదు. నాకు ఎన్నిసార్లు బ్రేకు తొక్కాలనిపించిందో నీకు తెలుసు. తొక్కలేదు. దిగి పలకరిస్తాడేమోనని చూశాను."

ఇప్పుడు భార్య నిజంగానే దగ్గవలసి వచ్చింది.

"అందుకని ఆమేన్ నేను అనను. ఈయన కళ్ళు తెరిచి, నాతో, నా మొహం చూసి, ఒక్క మాట చెప్తే ఈ బల్లముందు ఉంటాను. లేదంటే ఈ తాళం తీసుకుని వెళ్ళిపోతాను. ఇక రాను. అంతే ప్రభువా."

కూరమీది ఆవిరి తగ్గుముఖం పట్టింది. పళ్ళ మేస్త్రి పెదవులు కదిలాయి. ఏళ్ళ తరబడి అరిగిన దారి ఒక్కటే ఆయనకు తెలుసు; దానిమీదే అడుగు వేశాడు.

"ప్రభువా... ఈమెకు నీవు తెలియజేయుము, నేను..."

"అల్లుడుగారూ!" అంది అత్తగారు. "ఇవాళ ఆయన పుట్టినరోజు. ఈ ఒక్క పూటైనా ఆయన్ని మధ్యవర్తిత్వానికి పిలవకండి. పాపం, తిననీయండి."

పళ్ళ మేస్త్రి కళ్ళు తెరిచాడు. ఎదురుగా చెల్లెలు ఆయన్నే చూస్తోంది. ఎన్నో నోళ్ళను అంత దగ్గరగా చూసిన మనిషికి ఒక ముఖాన్ని సూటిగా చూడడం ఇంత కష్టమని తెలియదు. గ్రాంథికం ఆయనను నట్టేట వదిలేసింది. 'యున్నది' లేదు, 'గనుక' లేదు.

"నువ్వు... ఆ బల్బులాయన్ని వద్దన్నప్పుడు," అన్నాడు. మంచినీళ్ళు తాగాడు. "నాకు కోపం రాలేదే. భయం వేసింది. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ నోరు తెరిస్తే నీ పెళ్ళి సంగతే అడుగుతాడని."

"అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"మైనం పెట్టేశాను."

చెల్లెలు పెదవులు బిగబట్టింది. లాభం లేకపోయింది. ముందు ఆమె నవ్వింది, తరువాత వదిన నవ్వింది. అత్తగారు నవ్వబోయి, కింది వరుస కదలడంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పళ్ళ మేస్త్రి మాత్రం నవ్వలేదు. ఆయనకింకా ఒక వాక్యం మిగిలి ఉంది.

"పోయినేడు నేను అన్నది తప్పు," అన్నాడు చివరకు. "నీతో అనవలసింది. నీతో అంటే నువ్వు ఎదురు చెప్తావు. అందుకని..."

"చెప్తాను. ఎందుకు చెప్పను?"

"అదే నేననేది!"

"అయితే అను. నేనూ అంటాను. ఎవరికేమైంది?" అంటూ ఆమె తాళం తీసి హెల్మెట్‌లో పడేసి, ఆ హెల్మెట్‌ను కుర్చీకింద పెట్టి, కూర గిన్నె ముందుకు లాక్కుంది.

పళ్ళ మేస్త్రి ఆ మధ్యాహ్నంతో మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. ఆ భోజనం మాత్రం ఆయనకు చాలా కష్టమైంది. అన్న ప్రతి మాటకూ బదులు రావడం ఆయనకు అలవాటులేని సంగతి. ఒక మాట అనడం, జవాబు విని ముద్ద చేతిలో పట్టుకొని ఆలోచించడం, ఆలోచించి ఇంకో మాట అనడం, దానికీ జవాబు రావడం. బల్బులాయన సంగతిలో ఓడిపోయాడు. కళ్ళజోడు సంగతిలో ఓడిపోయాడు. జుట్టు సంగతి ఎత్తబోయి భార్య ముఖం చూసి మానుకున్నాడు. భోజనం మధ్యలో ఒకసారి అలవాటుకొద్దీ ఆయన రెప్పలు వాలాయి.

"అన్నయ్యా!"

"నిద్రే! నిద్ర వస్తోంది."

"రాదు. ఇటు చూడు. నా స్కూల్లో పాఠం ఎలా చెప్పాలో కూడా నీకో అభిప్రాయం ఉండే ఉంటుందిగా? ఏడాదిపాటు వెనకనుంచి చూశావు."

ఆయన కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు. "ఉంది," అన్నాడు. "నీ పిల్లలు మలుపు దగ్గర సిగ్నల్ ఆలస్యంగా వేస్తున్నారు."

"ఏ మలుపు?"

"కేకు కొయ్యనా, ఆగనా?" అని వదిన అడిగింది. ఇద్దరిలో ఎవరూ వినిపించుకోలేదు.